బడ్డీ ఎమన్స్: పెడల్ స్టీల్ గిటార్‌లో ఆ రెండు పెడల్స్ ఏం మార్చాయి?

అమెరికన్ కంట్రీ పాటల్లో గాయకుడి గొంతు వెనక సాగుతూ, వంగుతూ, మెల్లగా లేచే ఒక తీగ నాదం వినిపిస్తుంది. మన గోటువాద్యం విన్నవాళ్లకు అది ఎక్కడో విన్నట్టే ఉంటుంది. అది పెడల్ స్టీల్ గిటార్. ఆ వాద్యానికి ఈనాటి రూపం ఇచ్చినవాళ్లలో మొదట చెప్పాల్సిన పేరు బడ్డీ ఎమన్స్. 1937లో ఇండియానా రాష్ట్రంలోని మిషవాకాలో పుట్టారు. 2015 జులైలో, 78 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన ప్రస్తావన వస్తే ముందుగా ఆయన మార్చిన పెడల్స్ గురించే చెబుతారు. అది న్యాయమే. కానీ ఆ పెడల్స్ ఇప్పుడు అందరి దగ్గరా ఉన్నాయి. ఆయన కుడిచెయ్యి చేసిన పని మాత్రం ఇంకొకరి దగ్గర అంత తేలిగ్గా దొరకదు.

ఈ వాద్యం మూలం హవాయి దీవుల్లో ఉంది. 19వ శతాబ్దం చివర్లో జోసెఫ్ కెకూకు గిటార్ తీగలపై లోహపు ముక్క జరుపుతూ వాయించే పద్ధతికి ప్రాచుర్యం తెచ్చారు. ఆ పద్ధతి అమెరికా ప్రధాన భూభాగానికీ వెళ్లింది, ఇండియాకూ వచ్చింది. విచిత్రం ఏమిటంటే, ఎమన్స్ పుట్టిన 1937లోనే జోధ్‌పూర్‌లో బ్రిజ్‌భూషణ్ కాబ్రా పుట్టారు. అలీ అక్బర్ ఖాన్ శిష్యుడైన కాబ్రా అదే హవాయి గిటార్‌పై హిందూస్థానీ రాగాలు పలికించారు. శివకుమార్ శర్మ, హరిప్రసాద్ చౌరాసియాలతో కలిసి ఆయన చేసిన ‘కాల్ ఆఫ్ ది వ్యాలీ’ 1967లో వచ్చింది. రాగానికి కావలసింది ఒకే స్వరధార, వెనక స్థిరమైన శ్రుతి. అందుకు చేతిలోని బార్ చాలు. కంట్రీ పాటకు అలా కుదరదు. అక్కడ మూడు నాలుగు స్వరాలు ఒకేసారి పలకాలి, పాట నడుస్తుండగా ఆ కలయిక మారుతూ ఉండాలి. బార్ జరిపితే దాని కింద ఉన్న తీగలన్నీ ఒకే దూరం కదులుతాయి. ఒక స్వరాన్ని కదిలించి పక్కదాన్ని ఉన్నచోటే ఉంచడం బార్‌కు చాతకాని పని. పెడల్ అవసరం అక్కడ పుట్టింది.

పెడల్ నొక్కితే వాద్యం లోపలి కడ్డీలు ఎంచుకున్న తీగలను బిగించి శ్రుతి పెంచుతాయి. వీణ మీద తీగను పక్కకు లాగడం లాంటిదే ఇది. తేడా ఒక్కటే. వీణలో ఎంత లాగాలో వైణికుడి చెవి చెబుతుంది. ఇక్కడ హద్దు ముందే బిగించి ఉంటుంది, ఆ హద్దుకు ఎంత వేగంగా చేరాలన్నది మాత్రం పాదం ఇష్టం. 1954లో హిట్టయిన వెబ్ పియర్స్ పాట ‘స్లోలీ’లో బడ్ ఐజాక్స్ ఇలా పెడల్‌తో స్వరం వంచి వినిపించారు. నాష్‌విల్‌లోని స్టీల్ గిటార్ వాద్యకారులంతా పెడల్ వెనక పడ్డారు.

ఎమన్స్ చేసిందేమిటో మన సరిగమల్లో చెప్పుకుంటే తేలిక. మోగుతున్న తీగలు స-గ-ప అనుకోండి. ఐజాక్స్ పెడల్ నొక్కితే గాంధారం మధ్యమానికి, పంచమం దైవతానికి ఒకేసారి లేస్తాయి. స-మ-ద వస్తుంది. 1956 ప్రాంతంలో ఎమన్స్ ఈ రెండు కదలికలనూ రెండు పెడల్స్‌కు పంచారు. ఒకటి నొక్కితే స-గ-ద, రెండోది నొక్కితే స-మ-ప, రెండూ నొక్కితే పాత స-మ-ద. ఒక స్వరం ముందు కదిలి, రెండోది ఆగి ఆగి దాన్ని చేరుకునే ఆ వేదనా ధ్వని ఇక్కడి నుంచే వచ్చింది.

తర్వాత 1962 ప్రాంతంలో పై వరుసలో ఆయన మరో రెండు తీగలు చేర్చారు. ఇదే లెక్కలో అవి రి, ని. స-గ-ప తీగల్లో ఉన్నాయి, మ-ద పెడల్స్ ఇస్తున్నాయి, లేనివి ఈ రెండే. దాంతో బార్ అంగుళం కూడా జరపకుండా శంకరాభరణం ఏడు స్వరాలూ ఒకేచోట పలుకుతాయి. ఈ తీగలు శ్రుతి వరుసలో ఉండవు. అందరికంటే హెచ్చు స్వరం పలికేది మొదటి తీగ కాదు, మూడోది. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇక్కడ తికమక పడతారు. ఈ9 శ్రుతిలో ఇప్పుడు ఇదే ప్రామాణికం. పెడల్స్ అమరే క్రమానికి కూడా ‘ఎమన్స్ సెటప్’ అనే పేరుంది. దానికి తిరగేసిన క్రమం మరో గొప్ప వాద్యకారుడు జిమ్మీ డే పేరుతో ఉంది.

ఇక కుడిచెయ్యి. మామూలు గిటార్‌లో మెట్టు మీద నుంచి వేలు తీస్తే స్వరం ఆగుతుంది. స్టీల్ గిటార్‌లో బార్ తీగల మీదే ఉంటుంది కాబట్టి, ఒకసారి మీటిన తీగ మోగుతూనే ఉంటుంది. ఆపకపోతే పాత స్వరం కొత్త స్వరంలోకి చొరబడి అంతా కలగాపులగం అవుతుంది. కాబట్టి మీటిన ప్రతి స్వరాన్నీ విడిగా ఆపాలి. బొటనవేలికీ మరో రెండు వేళ్లకూ తొడిగిన పిక్స్‌తో మీటుతూ, అదే చేతి అంచును చిటికెన వేలి వైపు తీగలకు ఆనించి నాదం తెంచాలి. నెమ్మది పాటలో ఇది పెద్ద కష్టం కాదు. వేగం పెరిగితే మీటడం, ఆపడం క్షణంలో వందో వంతు తేడాతో సాగుతాయేమో అనిపిస్తుంది. ఎమన్స్ వేగంలోనూ ప్రతి స్వరం విడిగా, గుండ్రంగా వినిపిస్తుంది. స్వరానికీ స్వరానికీ మధ్య ఖాళీ కూడా తాళంలోనే ఉంటుంది.

దీనికి మంచి ఉదాహరణ 1963లో న్యూయార్క్‌లో రికార్డు చేసిన ‘స్టీల్ గిటార్ జాజ్’. జెరోమ్ రిచర్డ్‌సన్, ఆర్ట్ డేవిస్, చార్లీ పర్సిప్ లాంటి జాజ్ వాద్యకారుల మధ్య నాష్‌విల్ నుంచి వచ్చిన 26 ఏళ్ల కుర్రాడు కూర్చున్నాడు. అందులో సోనీ రోలిన్స్ బాణీ ‘ఓలియో’ వినండి. సాక్సోఫోన్ కోసం పుట్టిన బాణీ అది. ఊపిరితో వాయించే వాద్యంలో స్వరం ఆపడానికి నాలుక ఉంది. ఎమన్స్ ఆ పని అరచేతి అంచుతో చేశారు.

కుడిపాదం కింద ఉండే వాల్యూమ్ పెడల్‌కూ ఇంతే పొదుపు. మీటిన నాదం సన్నగిల్లేకొద్దీ పాదం కొంచెం కొంచెం నొక్కితే స్వరం నిలిచినట్టు వినిపిస్తుంది. చాలామంది దీన్ని అతిగా వాడి ప్రతి స్వరాన్నీ ఏడిపిస్తారు. పెడల్ స్టీల్ అంటే ఏడుపు వాద్యమన్న పేరు రావడంలో ఈ పాదాలకు వాటా ఉందని నా అనుమానం.

మిగతా జీవితం క్లుప్తంగా. పదకొండేళ్లకు ల్యాప్ స్టీల్ గిటార్ చేతికొచ్చింది. 18 ఏళ్లకు, 1955లో, లిటిల్ జిమ్మీ డికెన్స్ బృందంలో చేరి నాష్‌విల్ వచ్చారు. తర్వాత ఎర్నెస్ట్ టబ్, రే ప్రైస్ బృందాలు. షాట్ జాక్సన్‌తో కలిసి షో-బడ్ కంపెనీ పెట్టారు. 1963లో అందులోంచి బయటికొచ్చి తన పేరుతోనే ఇంకో కంపెనీ ప్రారంభించారు. 1981లో స్టీల్ గిటార్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరారు. ఎవర్లీ బ్రదర్స్‌తో ఏళ్ల తరబడి పర్యటించారు. 2001లో కుడి బొటనవేలు, మణికట్టు నొప్పితో కొంతకాలం వాద్యం పక్కన పెట్టాల్సి వచ్చింది. ఆయన కుడిచెయ్యి ఎంత పని చేసిందో తెలిసినవాళ్లకు అందులో ఆశ్చర్యం ఉండదు.

కొత్తగా వినేవాళ్లు జాజ్ రికార్డుతో కాకుండా జూడీ కాలిన్స్ 1968లో పాడిన ‘సమ్‌డే సూన్’తో మొదలుపెట్టడం మేలు. పంక్తికీ పంక్తికీ మధ్య ఎమన్స్ తీగ పలికే చోట్లు గమనించండి. ఆమె గొంతు మళ్లీ అందుకునే సమయానికి ఆ తీగ అప్పటికే ఆగి ఉంటుంది.