పైన దుంప, కింద కోడి

తెలుగులో 'పై' అంటే మీద. ఇంగ్లీషువాళ్ల 'పై' అంటే పిండితో కప్పి ఓవెన్‌లో కాల్చిన కూర. ఈ రెండు మాటలకూ ఏ చుట్టరికమూ లేదు. అయినా ఒక వంటకం దగ్గరికొచ్చేసరికి రెండూ కలిసిపోతాయి. గిన్నె అడుగున చిక్కటి రసంలో ఉడికిన కోడి ముక్కలు, క్యారెట్, బఠాణీలు ఉంటాయి. వాటి మీద వెన్నా పాలూ పోసి మెదిపిన బంగాళాదుంప రెండు వేళ్ల మందాన పరుచుకుని ఉంటుంది. దుంప మీద ఫోర్కుతో గీసిన చాళ్లు, ఆ చాళ్ల కొసలు మాడీమాడనట్టు ఎర్రబడి కనిపిస్తాయి. వాన వదలని సాయంత్రం ఇంగ్లండులో ప్రాణం కుదుటపడే తిండి ఇదే.

కోడితో చేసిన ఈ రకం కొత్తది. దీని అమ్మమ్మలు కాటేజ్ పై, షెపర్డ్స్ పై. ఈ ఇంటి చరిత్ర తవ్వితే కింద మాంసం మారుతూ వచ్చింది: దూడ, గొర్రె, ఎద్దు, ఇప్పుడు కోడి. పైన దుంప మాత్రం రెండు వందల ఏళ్లకు పైగా కదల్లేదు. కాబట్టి ఇది కూర కథ కాదు, మూత కథ.

తినని మూత

మధ్యయుగాల ఇంగ్లండులో మాంసం చుట్టూ కట్టిన పిండి గోడను 'కాఫిన్' అనేవారు. అప్పట్లో ఆ మాటకు పెట్టె అనే అర్థం. మట్టి మూకుడు చేయాల్సిన పని ఆ గోడ చేసేది. లోపలి రసం ఇంకిపోకుండా, మాంసం ఎండిపోకుండా కాపాడేది. చాలాసార్లు అది పళ్లకు లొంగనంత గట్టిగా ఉండేది. మనం దమ్ బిర్యానీ గుండిగ అంచుకు పిండిముద్ద అతికించి మూత బిగిస్తాం. ఆ పిండిని ఎవరూ వడ్డించరు, ఆవిరి ఆపడంతో దాని పని తీరిపోతుంది. అలాంటిదే ఈ కాఫిన్.

తర్వాతి శతాబ్దాల్లో పిండిలో వెన్న, కొవ్వు కలిపి పొరలుపొరలుగా విరిగే మూత చేయడం నేర్చుకున్నారు. రుచి పెరిగింది, ఖర్చూ పెరిగింది. గోధుమపిండి కావాలి, వెన్న కావాలి, చేయి తిరిగిన వంటమనిషి కావాలి. వీటిలో ఏది కరువైనా ఇంకో మూత వెతుక్కోవాలి. ఆ మూత అప్పటికే సముద్రం దాటి వచ్చి, తన వంతు కోసం కాచుకుని కూర్చుంది.

అనుమానపు దుంప

బంగాళాదుంప పుట్టిల్లు దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండలు. టిటికాకా సరస్సు చుట్టుపక్కల వేల ఏళ్ల కిందటే దాన్ని సాగులోకి తెచ్చారు. రాత్రి మంచుకు గడ్డకట్టించి, పగలు ఎండకు ఆరబెట్టి, కాళ్లతో తొక్కి నీరు తీసి, 'చున్యో' పేరుతో ఏళ్ల తరబడి దాచుకునేవారు. 1532లో స్పెయిన్ సైనికులు పెరూలో అడుగుపెట్టారు. 1573 నాటికే స్పెయిన్‌లోని సెవిల్ నగరంలో ఒక ఆసుపత్రి కొనుగోళ్ల పద్దులో దుంప కనిపిస్తుంది. 1597లో ఇంగ్లండువాడు జాన్ జెరార్డ్ తన మూలికల గ్రంథంలో దాని బొమ్మ వేయించాడు. అయితే అది వర్జీనియా నుంచి వచ్చిందని పొరబడ్డాడు.

బొమ్మ వేసినంత తొందరగా ఐరోపా దాన్ని కంచంలోకి రానివ్వలేదు. వంగ, టమాటా, మిరప, ఉమ్మెత్త, అన్నీ దీని దాయాదులే. ఈ కుటుంబంలో ఐరోపావాళ్లకు బాగా తెలిసినవి విషపు మొక్కలు. అందుకే ఫ్రాన్సులో కొన్నిచోట్ల దుంప తింటే కుష్ఠు వస్తుందని భయపడ్డారు.

మనదగ్గరికి వచ్చేసరికి ఈ దుంప దారి వెంట పేర్లు కూడగట్టుకుంది. పోర్చుగీసువాళ్లు దిగిన పడమటి తీరంలో ఇది బటాటా. కోస్తాలో బంగాళాదుంప, అంటే బెంగాల్ నుంచి వచ్చిన దుంప. తెలంగాణలో ఉర్దూ ఆలూకి మన గడ్డ తగిలించుకుని ఆలుగడ్డ. రాయలసీమలో పక్కింటి తమిళం రుచితో ఉర్లగడ్డ. ఒక్క కూరగాయ మూడు సీమల్లో మూడు పొరుగుల పేర్లు చెబుతుంది.

ఫాదిరీ గారి బల్ల మీద గుడిసె

1747లో లండన్‌లో హానా గ్లాస్ వంటల పుస్తకం అచ్చయింది. అందులో మెదిపిన దుంప చేసే పద్ధతి ఉంది: రెండు పౌండ్ల దుంపకు ఒక పింటు పాలు, పావు పౌండు వెన్న, కొంచెం ఉప్పు. తొమ్మిది వందల గ్రాముల దుంపకు అర లీటరు దాటిన పాలు, వంద గ్రాములు దాటిన వెన్న అన్నమాట. అదే పుస్తకంలో ఇండియా పద్ధతిలో కోడికూర చేయడమూ ఉంది. దుంప ఒక పేజీలో, కోడి ఒక పేజీలో. రెండూ ఒకే గిన్నెలో మామూలుగా కలుసుకోవడానికి మాత్రం చాలా కాలం పట్టింది. ఎందుకో తర్వాత చూద్దాం.

'కాటేజ్ పై' అనే మాట 1791 ఆగస్టు 29న జేమ్స్ వుడ్‌ఫర్డ్ డైరీలో తగులుతుంది. ఈయన నార్ఫక్‌లో వెస్టన్ లాంగ్‌విల్ అనే ఊరి చర్చి ఫాదిరీ. ఏళ్ల తరబడి రోజూ ఏం తిన్నదీ రాసిపెట్టుకున్న భోజనప్రియుడు. ఆ రోజు కాటేజ్ పై పక్కనే కాల్చిన గొడ్డుమాంసమూ తిన్నాడు. లోపల దూడమాంసం ఉండేదని రాశాడు గానీ పైన ఏం కప్పారో రాయలేదు.

కాటేజ్ అంటే కూలివాడి చిన్న ఇల్లు. ఆ ఇంట్లో చాలాసార్లు ఓవెన్ ఉండేది కాదు, పొయ్యి మీద వేలాడే కుండే ఉండేది. దూడమాంసం సంగతి చెప్పనే అక్కర్లేదు. గుడిసె పేరు పెట్టుకున్న వంటకం కలిగినవాడి బల్ల మీద, ఇంకో మాంసం పక్కన, మొదటిసారి నమోదైంది. పేరు పేదవాడిది, గిన్నె మాత్రం ఇంకెవరిదో.

అయితే ఆ పేరు ఊరికే పుట్టలేదు. 1795లో, మళ్లీ 1800 ప్రాంతంలో ఇంగ్లండులో పంటలు దెబ్బతిన్నాయి. దానికి ఫ్రాన్సుతో యుద్ధం తోడై గోధుమ ధర ఆకాశానికంటింది, రొట్టె కోసం జనం వీధుల్లోకి వచ్చారు. 1793లో ఏర్పడిన వ్యవసాయ బోర్డు దుంప నాటండి, దుంప తినండి అని ప్రచారం మొదలుపెట్టింది. గోధుమ మూత బరువైన ఆ రోజుల్లో దుంప మూత గౌరవం సంపాదించుకుంది. 1806లో వచ్చిన మరియా రండెల్ పుస్తకంలో 'శాండర్స్' అనే వంటకం ఉంది. సన్నగా తరిగిన మాంసం, ఉల్లి, కాస్త రసం చిన్న సాసర్లలో నింపి, పైన మీగడతో మెదిపిన దుంప కప్పి, ఓవెన్‌లో ఎర్రగా కాల్చాలి. పేరు వేరైనా మనకు తెలిసిన వంటకం అచ్చంగా ఇదే.

కాపరి ఎప్పుడు వచ్చాడు?

'షెపర్డ్స్ పై', అంటే గొర్రెల కాపరి పై, ఇంకా ఆలస్యంగా వచ్చింది. 1849లో ఎడింబరోలో అచ్చయిన ఒక వంటల పుస్తకం ఆ పేరుతో చెప్పిన పద్ధతి నేటి పండితులకు మింగుడు పడదు. అందులో గొర్రెమాంసమే వాడాలన్న నియమం లేదు. అంతకుముందే వండిన మాంసం, ఏదైనా సరే, ముక్కలుగా కోసి, దుంప కప్పి కాల్చమంది. గొర్రె అయితే షెపర్డ్స్, గొడ్డుమాంసమైతే కాటేజ్ అని నేడు గీసే గీత తర్వాతి కాలం వాళ్లు గీసింది.

'అంతకుముందే వండిన మాంసం' అన్న మాటలోనే అసలు గుట్టుంది. ఇంగ్లండు ఇళ్లలో ఆదివారం పెద్ద మాంసం ముక్క కాల్చేవారు. సోమవారం బట్టలుతికే రోజు, వంటకు తీరిక ఉండదు. మిగిలిన చల్లటి మాంసాన్ని సన్నగా తరిగి, నిన్నటి రసమే పోసి, దుంప కప్పి ఓవెన్‌లో పెడితే ఇంటిల్లిపాదికీ సరిపోయేది. పందొమ్మిదో శతాబ్దం చివరికి చేత్తో తిప్పే ఖీమా యంత్రాలు వంటిళ్లలోకి రావడంతో తరిగే శ్రమ తప్పింది. పిడికెడు మాంసం గిన్నెడు కనిపించడం మొదలైంది.

ఫ్రాన్సులో ఇదే వంటకం పేరు అషీ పార్మాంటియే. అషీ అంటే సన్నగా తరిగినది. ఆంటువాన్ పార్మాంటియే (1737–1813) సైన్యంలో మందులు కలిపేవాడు. ఏడేళ్ల యుద్ధంలో ప్రష్యావాళ్లకు బందీగా చిక్కి, జైల్లో దుంపలు తిని బతికాడు. రోగం రాకపోగా ఆరోగ్యంగా బయటపడ్డాడు. జీవితమంతా దుంప తరఫు వకీలుగా గడిపాడు. పారిస్ శివార్లలో సాబ్లోన్ ఇసుక నేలలో దుంపలు నాటించి, పగలు సిపాయిలను కాపలా పెట్టి రాత్రి తీసేసేవాడనీ, అంత కాపలా ఉందంటే విలువైనదే అయుంటుందని జనం దొంగిలించి నాటుకున్నారనీ కథ చెప్పుకుంటారు. ఇంగ్లండు ఈ వంటకానికి ఎవరు తింటారో వాళ్ల పేరు పెట్టింది. ఫ్రాన్సు మూత తెచ్చినవాడి పేరు పెట్టింది.

మూత కింద ఏమీ లేనివాళ్లూ ఉన్నారు. ఐర్లండు పేదలకు దుంపే మాంసం, దుంపే రొట్టె. 1845లో దుంపకు తెగులు తగిలింది. ఆ తర్వాతి ఏడేళ్లలో దాదాపు పది లక్షల మంది ఆకలికీ జబ్బులకూ చనిపోయారు, అంతకు మించి దేశం విడిచారు. దుంప అండగా నిలవాలంటే దాని కింద ఇంకోటి ఉండాలని ఆ చరిత్ర చెబుతుంది.

కోడి దిగింది

ఇన్ని మాంసాల తర్వాత కోడి ఇంత ఆలస్యంగా ఎందుకొచ్చింది? ఖరీదు. గుడ్లు పెట్టే కోడిని కోసుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు. పండగకో, పెట్ట ముసలిదైతేనో తప్ప అది కుండలోకి వచ్చేది కాదు. 1923లో అమెరికాలోని డెలవేర్‌లో సీలియా స్టీల్ అనే ఇల్లాలు గుడ్ల కోసం 50 పిల్లల్ని తెప్పిస్తే, పొరపాటున 500 వచ్చాయి. ఆమె వాటిని తిప్పి పంపకుండా మాంసం కోసం పెంచి అమ్మింది. లాభం చూసి, 1926కల్లా పదివేల కోళ్లు పట్టే షెడ్డు కట్టించింది. 1948లో అక్కడే 'రేపటి కోడి' పేరుతో జాతీయ పోటీ జరిగింది. తక్కువ రోజుల్లో ఎక్కువ మాంసం పట్టే కోడికే బహుమతి. బ్రాయిలర్ యుగం అలా మొదలైంది. మన దేశంలోనూ 1971లో బి.వి. రావు స్థాపించిన వెంకటేశ్వర హ్యాచరీస్ లాంటి సంస్థలు వచ్చాకే నాటుకోడి పండగ కూరగా మిగిలి, బ్రాయిలర్ ఆదివారపు కూరైంది.

గిన్నె కూడా మారింది. ఇంగ్లీషులో ఈ తరహా వంటకాన్ని క్యాసరోల్ అంటారు, ఫ్రెంచిలో అది అసలు వంటపాత్ర పేరు. 1915లో అమెరికా బజారులోకి పైరెక్స్ గాజు పాత్రలు వచ్చాయి. కోర్నింగ్ గాజు సంస్థలో శాస్త్రవేత్త భార్య బెస్సీ లిటిల్టన్, బ్యాటరీ జాడీ అడుగు కోసి తెచ్చిన గాజులో కేకు కాల్చి చూడటంతో పుట్టిన ఆలోచన అది. వండిన గిన్నెతోనే బల్ల మీద పెట్టవచ్చు, లోపల రసం కుతకుతలాడటం పక్కనుంచి కనబడుతుంది. చవకైన కోడి, గాజు గిన్నె, పాత దుంప మూత: మూడూ చేరాక నేటి వంటకం తయారైంది.

మన నేలమీదా దీనికి ఒక తిరగేసిన చెల్లెలుంది. లాలాగూడ రైల్వే కాలనీలోని ఆంగ్లో-ఇండియన్ ఇళ్లకు బాగా తెలిసిన పొటాటో చాప్స్. దుంపను మెదిపి, గిన్నెలా ఒత్తి, మధ్యలో మసాలా ఖీమా పెట్టి మూసి, రొట్టెపొడి అద్ది పెనం మీద వేయిస్తారు. ఓవెన్ లేని వంటింట్లో మూత చుట్టూ తిరిగి గోడైంది.

మూత నిలబెట్టడం

నలుగురికి అరకిలో ఎముకలేని తొడమాంసం, కిలో దుంపలు కావాలి. ఛాతీ మాంసం ఓవెన్‌లో పీచుపీచవుతుంది, తొడ రసం నిలుపుకుంటుంది. ఉల్లి, రెండు క్యారెట్లు వెన్నలో మగ్గించి, కోడి ముక్కలు వేసి రంగు మారనిచ్చి, రెండు చెంచాల మైదా చల్లి కలపాలి. తర్వాత 400 మిల్లీలీటర్ల కోడి ఎముకల రసం పోసి చిక్కబడే దాకా ఉడికించాలి. థైమ్ ఆకు వేస్తారు, దొరక్కపోతే చిటికెడు వాము చాలు. రెండింటి ఘాటుకూ మూలం థైమాలే. చివర గుప్పెడు బఠాణీలు వేసి దింపాలి.

దుంప దగ్గర తప్పులు జరిగేవి రెండు. కొత్త దుంపల్లో నీరెక్కువ, పిండి తక్కువ. నిల్వ ఉన్న పిండి దుంపే తీసుకోవాలి. రెండోది మిక్సీ. బ్లేడు తగిలితే దుంప కణాలు చితికి, పిండిపదార్థం బయటికొచ్చి మొత్తం బంకవుతుంది. ఉప్పునీళ్లలో ఉడికించి వార్చి, అదే గిన్నెలో నిమిషం పాటు తడి ఆరనిచ్చి, పప్పుగుత్తితో మెదపాలి. 75 గ్రాముల వెన్న, ఆపైన వేడి పాలు కొద్దికొద్దిగా పోయాలి.

కూర చల్లారాకే మూత వేయాలి. కుతకుతలాడే రసం మీద వేస్తే దుంప మునిగిపోతుంది. ముందు అంచుల వెంట పేర్చి గిన్నెకు అతికించి, ఆపైన మధ్యకు రావాలి, దమ్ మూతకు పిండి పెట్టినట్టే. ఫోర్కు చాళ్లు అందానికి మాత్రమే కాదు. ఎత్తుగా లేచిన కొసలు త్వరగా తడారి ఎర్రబడతాయి, ఆ కరకర అక్కడే దొరుకుతుంది. 200 డిగ్రీల్లో అరగంట, బయటికి తీశాక పది నిమిషాలు ఆగాలి.

దీనికోసం పనిగట్టుకుని కోడి కొనడం కూడా ఈ వంటకం స్వభావానికి కొంచెం ఎదురే. ఆదివారం రాత్రి గిన్నె అడుగున మిగిలిన కోడికూరలో ఎముకలు ఏరేసి, అల్లం వెల్లుల్లి, ధనియాల వాసనతో సహా సోమవారం ఉర్లగడ్డ కప్పి కాల్చి చూడండి. అసలైన పద్ధతి ఇది కాదని ఎవరైనా అంటే, 1849 నాటి ఎడింబరో పుస్తకం మీ పక్షానే ఉంది.