ప్రింటు బాగుందా?

మొన్న ఊరెళ్తే అన్నయ్య కొడుకు ఫోను నా ముందు పెట్టాడు. "బాబాయ్, ఆ సినిమా వచ్చేసింది. హెచ్‌డీ ప్రింటు, సూపరుంది. చూస్తావా?" సినిమా బాగుందో లేదో వాడు చెప్పలేదు. ముందు ప్రింటు సంగతి తేలితే మిగతావి తర్వాత చూసుకోవచ్చన్నట్టుంది వాడి ధోరణి. వాడికి ఊహ తెలిసేనాటికే మా ఊరి హాల్లో ప్రింటన్న వస్తువు లేదు. కళ్లతో చూడని వస్తువు పేరు వాడి నోట్లో అంత చనువుగా ఎలా మెదిలిందా అని ఆలోచనలో పడ్డాను.

ప్రింటు మూలం లాటిన్‌లో ఉంది. 'ప్రెమెరె' అంటే నొక్కడం. పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకొచ్చి, నొక్కితే పడే గుర్తుకు పేరైంది. మనకు దానికి సాటి వచ్చే మాట అచ్చు. మూసా అచ్చే, మూసలోంచి ఊడిపడేదీ అచ్చే. పోలిక కుదిరితే అచ్చు గుద్దినట్టున్నాడంటాం. పుస్తకాలకు ఆ మాటే సరిపోయింది. సినిమా దగ్గరకొచ్చేసరికి మాత్రం ఎవరూ అచ్చు అనలేదు. వస్తువుతో పాటే పేరూ మద్రాసు నుంచి డబ్బాల్లో దిగింది.

ల్యాబులో నెగిటివ్ మీంచి తీసే పాజిటివే ప్రింటు. 35 మిల్లీమీటర్ల ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున తిరిగితే నిమిషానికి 90 అడుగులు. రెండున్నర గంటల సినిమా అంటే 13,500 అడుగులు, మోస్తే చేతులు లాగేసే బరువు. అది పెద్ద ఊళ్లలో ఆడి ఆడి మా ఊరొచ్చేసరికి ఒళ్లంతా గీతలే. ఎండాకాలం సీనులోనూ తెర మీద వాన కురిసేది. తెగినచోట ఆపరేటరు అతికించినప్పుడల్లా కొన్ని ఫ్రేములు పోయేవి. గుమ్మంలో చెయ్యెత్తిన హీరోయిన్, ఆ చెయ్యి దించకుండానే తోటలో తేలేది. ఇంటర్వెల్లో బయటికొచ్చినవాళ్లను లోపలికి వెళ్లబోయేవాళ్లు అడిగేది అందుకే: "ప్రింటు బాగుందా?"

సినిమాను తూచడానికి మన జనం దగ్గర రెండు రాళ్లున్నాయి. "బొమ్మ బాగుంది" అంటే కథా పాటలూ ఫైట్లూ కుదిరాయని. "ప్రింటు బాగుంది" అంటే ఆ రోజు ఆ హాల్లో తిరిగిన ఫిల్ము ఆరోగ్యంగా ఉందని. బొమ్మ ప్రాణమైతే ప్రింటు ఒళ్లు. బొమ్మ చెడ్డదైతే తీసినవాణ్ణి తిట్టేవాళ్లం. ప్రింటు చెడ్డదైతే ఎవర్నీ తిట్టేవాళ్లం కాదు, అరిగిపోయిందని సరిపెట్టుకునేవాళ్లం.

వీడియో క్యాసెట్లలో ఫిల్ము లేకపోయినా ప్రింటన్న మాట పోలేదు. కాపీకి కాపీ తీసేకొద్దీ రంగులు కారిపోయేవి, మొహాలు అలికినట్టయ్యేవి. షాపువాడు గొంతు తగ్గించి "ఇది మాస్టర్ ప్రింటు" అంటే అద్దె పెరిగేది. తర్వాత సీడీ. అందులో పట్టేది 700 మెగాబైట్లు గనక సినిమాని 700లోకో, రెండు సీడీలకు సరిపడా 1,400లోకో కుక్కేవారు. సీడీ వాడకం పోయాక కూడా ఆ కొలత చాలాకాలం పోలేదు.

ఇక 'హెచ్‌డీ ప్రింటు'. సమాసం చూడండి, పూర్వపదం చుక్కలది, ఉత్తరపదం ఫిల్ముది. 1080 అంటే నిలువున 1,080, అడ్డంగా 1,920, మొత్తం 20 లక్షల పైచిలుకు చుక్కలు. అయితే చుక్కల లెక్కొక్కటే చూస్తే మోసపోతాం. బ్లూరే డిస్కులో బొమ్మ కోసం సెకనుకు 40 మెగాబిట్ల దాకా ఇస్తారు. అదే రెండున్నర గంటల సినిమాని 1.4 గిగాబైట్లకు నొక్కితే సెకనుకు దక్కేది ఒకటింబావు. చుక్కలన్నీ ఉంటాయి, వాటిలో వేయాల్సిన రంగుకే కరువు. మావాడి ఫోనులో చీకటి సీను వచ్చినప్పుడు చూశాను. ఆకాశం చదరపు గళ్లుగా విడిపోయింది. దీపం చుట్టూ వెలుగు మెల్లగా చీకట్లో కలవకుండా మెట్లు మెట్లుగా దిగింది. "ఇదేనా హెచ్‌డీ?" అంటే "ఫోన్లో ఏం తెలుస్తుంది బాబాయ్" అన్నాడు. వాడి దృష్టిలో హెచ్‌డీ కొలత కాదు, మెప్పు. మనం 'మేలిమి' అన్నట్టు.

ఈ సరుకులోనూ జాతులున్నాయి. హాల్లో కూర్చుని కెమెరాతో పట్టింది థియేటర్ ప్రింటు. తెర ఓ పక్కకు ఒరిగి ఉంటుంది, మధ్యలో ఎవరిదో తల అడ్డం నడుస్తుంది, హీరో దిగగానే ఏ ఊరివో ఈలలు వినిపిస్తాయి. ఓటీటీలో పెట్టిన రోజే దాన్నుంచి లాగింది ఇంకో రకం. మళ్లీ నొక్కకుండా ఉన్న ఫైలును ఉన్నట్టే దించుకుంటే, డబ్బు కట్టి చూసేవాడి బొమ్మకూ దీనికీ తేడా ఉండదు. కొన్నిసార్లు ప్రింటు హాలుకంటే ముందే వస్తుంది. 2013 సెప్టెంబరులో 'అత్తారింటికి దారేది' విడుదలకు ముందే సగానికిపైగా బయటపడింది. అక్టోబరుకు అనుకున్న సినిమాని సెప్టెంబరు 27నే హాళ్లలోకి తేవాల్సొచ్చింది.

ఇప్పుడొక మాట. మనకు దొంగనోటు ఉంది, దొంగఓటు ఉంది, దొంగలెక్కలున్నాయి. దొంగప్రింటు అన్న మాట జనం నోట దాదాపు వినం. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం దాన్ని హక్కును ఉల్లంఘించిన ప్రతి అంటుంది. హాల్లో దొంగతనంగా రికార్డు చేస్తే మూడు నెలలకు తక్కువ కాకుండా మూడేళ్ల దాకా జైలంటుంది. మనం మాత్రం నలిగిన పాత మాటే వాడతాం. ఆ మాట వెనకాల ఒక ల్యాబు, ఒక నెగిటివ్, పంపిణీదారుడి రసీదు ఉన్నట్టే ధ్వనిస్తుంది. ఎక్కడిదని అడగాల్సినచోట ఎలా ఉందని అడిగి ఊరుకోవడానికి ఇంతకంటే మర్యాదైన మాట దొరకదు. ఆ మర్యాద నేనూ చాలాసార్లు వాడుకున్నాను.

మాట దాచినా వస్తువు దాచదు. డిజిటల్ హాళ్లలో ఆడే ఆటల్లో సాధారణంగా, బొమ్మలోనో శబ్దంలోనో, మనకు కనపడని వినపడని గుర్తొకటి కలుస్తుంది. ఏ హాలు, ఏ రోజు, ఏ వేళ అన్నది అందులో ఉంటుంది. కెమెరాతో పట్టినా, నొక్కి నొక్కి చిన్నది చేసినా నిలిచేలా దాన్ని తయారుచేస్తారు. లాటిన్‌లో నొక్కితే పడ్డ గుర్తుగా మొదలైన మాట, ల్యాబులూ క్యాసెట్లూ సీడీలూ తిరిగి మళ్లీ మొదటి అర్థానికే చేరింది. వేలిముద్రను ఇంగ్లీషువాడు ఫింగర్ ప్రింటు అంటాడు కదా.

మావాడి ఫోనులో ఈలలు మోగుతున్నాయి. అవి ఏ ఊరివో మా ఇద్దరికీ తెలీదు. ఆ ప్రింటుకు తెలుసు.