ఎవరి మాటకు లెక్క? సైటేషన్ల చరిత్ర, ఉద్దానం నెత్తురు

శాస్త్రవేత్త గొప్పవాడా కాదా అని తేల్చాలంటే ఇవాళ యూనివర్సిటీలు ఆయన ఏం కనిపెట్టాడని అడగటం లేదు. ఎన్ని పేపర్లు అచ్చేశాడు, వాటిని ఎంతమంది తమ పేపర్ల చివర పేర్కొన్నారు అని అడుగుతున్నాయి. ఒక పేపరు ఇంకో పేపరును ఇట్లా పేర్కొనటాన్నే సైటేషన్ అంటున్నారు. ఉద్యోగం, ప్రమోషను, గ్రాంటు, చివరికి యూనివర్సిటీ ర్యాంకు కూడా ఈ లెక్కతో ముడిపడిపోయాయి. 2016 నుంచి కేంద్రం ప్రకటిస్తున్న ఎన్.ఐ.ఆర్.ఎఫ్. ర్యాంకుల్లోనూ పేపర్లకీ సైటేషన్లకీ మార్కులున్నాయి. లెక్క అన్నాక దానికో చరిత్ర ఉంటుంది. ఎవర్ని లెక్కలో వేసుకోవాలో, ఎవర్ని ఒగ్గేయాలో ఎవరో ఎక్కడో కూర్చుని నిర్ణయించే ఉంటారు. ఆ నిర్ణయాన్ని పలాస, టెక్కలి, ఉద్దానం వైపు నిలబడి చూస్తే ఏం కనబడుతుందన్నదే ఈ వ్యాసం.

సైటేషన్ లెక్క మొదట సైన్సులో పుట్టలేదు, కోర్టుల్లో పుట్టింది. పాత తీర్పుల్ని తర్వాతి తీర్పులు ఎక్కడెక్కడ ప్రస్తావించాయో అమెరికాలో షెపర్డ్ అనే ఆయన 1873 నుంచి జాబితాలు వేసి లాయర్లకు అమ్మాడు. ఆ పద్ధతిని చూసి యూజీన్ గార్ఫీల్డ్ 1955లో 'సైన్స్' పత్రికలో ఒక వ్యాసం రాశాడు. సైన్సు పేపర్లకూ ఇట్లాంటి సూచిక ఉంటే ఒక పాత ఆలోచన ఏ దారిన ఎటు నడిచిందో పట్టుకోవచ్చన్నాడు. ఫిలడెల్ఫియాలో ఆయన పెట్టిన సంస్థ 1964లో 'సైన్స్ సైటేషన్ ఇండెక్స్'ను అమ్మకానికి పెట్టింది. అది వెతుక్కునే సాధనంగా పుట్టింది, మనుషుల్ని తూచే తక్కెడగా కాదు. కానీ అంకె చేతికొచ్చాక ఎవరూరుకుంటారు? పత్రికలకు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ వచ్చింది. 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త మనుషులకు హెచ్-ఇండెక్స్ తెచ్చాడు. ఒక మనిషి పేపర్లలో పదింటికి, ఒక్కొక్కదానికి కనీసం పది సైటేషన్లుంటే ఆయన హెచ్-ఇండెక్స్ పది. మనిషి జీవితకాలపు పని ఒక్క అంకెలోకి దిగిపోయింది.

ఈ తక్కెడ మొదట్నుంచీ ఎటు మొగ్గుతుందో లోపలివాళ్లే చెప్పారు. 1968లో రాబర్ట్ మెర్టన్, పేరున్నవాడికే ఇంకా పేరొస్తుందనీ, పేరులేనివాడు అదే పని చేసినా ఆ ఘనత పేరున్నవాడి ఖాతాలోకే పోతుందనీ రాసి, దానికి మత్తయి సువార్త పేరు పెట్టాడు. మన వాడల్లో మత్తయి సువార్త చెవిన పడని ఇల్లు తక్కువ, కాబట్టి ఆ పేరెందుకు పెట్టాడో వివరించక్కర్లేదు. తమాషా ఏమిటంటే ఆ వ్యాసానికి ముడిసరుకు హారియట్ జుకర్మన్ అనే పరిశోధకురాలు నోబెల్ గ్రహీతల్ని కలిసి చేసిన ఇంటర్వ్యూలు. వ్యాసం మీద మాత్రం మెర్టన్ పేరొక్కటే ఉంది. ఆమెను సహరచయితగా చూపాల్సిందని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు.

మన దేశంలో దీనికి పెద్ద ఉదాహరణ అంబేద్కరే. కులం ఎట్లా పుట్టిందో, స్వకుల వివాహం దాన్నెట్లా నిలబెడుతోందో చెప్పే వ్యాసాన్ని ఆయన 1916 మే నెలలో కొలంబియా యూనివర్సిటీలో చదివాడు. 1917లో 'ఇండియన్ ఆంటిక్వరీ'లో అది అచ్చయింది. కులం మీద బతికిన మన సమాజశాస్త్రం దశాబ్దాలపాటు దాన్ని పట్టించుకోలేదు. చదవలేదనుకోవాలా, చదివీ పేర్కొనలేదనుకోవాలా? సైటేషన్ లేకపోవటానికి రాసినదాంట్లో సరుకు లేకపోవటమే కారణం కానక్కర్లేదు.

ఇప్పుడు మన తెలుగువాడి సంగతి. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టి, 1922లో అమెరికా వెళ్లి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుడి దగ్గర చేరాడు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో రంగును బట్టి కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రకటించారు. బయోకెమిస్ట్రీలో అత్యధికంగా పేర్కొనబడిన పేపర్లలో అది ఒకటి. ప్రపంచంలో ఏ లేబరేటరీ ఫాస్ఫరస్ కొలిచినా ఆ పేపరు పేరు రాసుకునేది. అయితే గార్ఫీల్డ్ అచ్చేసిన ఇండెక్సు సంపుటాల్లో పేర్కొన్న పేపర్లను మొదటి రచయిత పేరు కింద మాత్రమే పేర్చారు. ఫిస్క్ పేరు తిరగేస్తే బారెడు జాబితా కనబడుతుంది. సుబ్బారావు పేరు కింద వెతికితే ఆ పేపరు జాడే ఉండదు. ఇద్దరి పని, ఒకరి ఖాతా! పేరు అచ్చులో ఉన్నా ఇండెక్సులో లేదు. హార్వర్డ్‌లో పర్మినెంటు ఉద్యోగం దక్కక ఆయన 1940లో లెడర్లే కంపెనీకి వెళ్లిపోయాడు. 1948లో చనిపోయాడు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, హార్వర్డ్‌దాకా వెళ్లగలిగినవాడి గతే ఇట్లా ఉంటే, ఆ తక్కెడలో మిగతావాళ్ల సంగతేమిటి?

పేర్ల విషయంలో ఇంకో మెలిక ఉంది. ఈ ఇండెక్సులు ఇంటిపేరు, దాని పక్కన పొడి అక్షరాలు అనే పాశ్చాత్య పద్ధతిలో నడుస్తాయి. మనవాళ్లలో కొందరు ఇంటిపేరును పొడి అక్షరం చేసి ముందు పెడతారు, కొందరు పూర్తిగా రాస్తారు, కొందరు అసలే వదిలేస్తారు. ఒకే మనిషి ఇండెక్సులో ముగ్గురైపోతాడు, ఆయన సైటేషన్లూ మూడు ముక్కలవుతాయి. దళిత విద్యార్థి విషయంలో ఇది ఉత్త సాంకేతిక చిక్కు కాదు. మన ఊళ్లల్లో ఇంటిపేరు అడగటమంటే కులం అడగటమే. అందుకే ఇంటిపేరు దాచుకుని చదువుకున్నవాళ్లున్నారు. అదే ఇంటిపేరును ఇండెక్సు మొదటి గడిలో పెట్టమంటుంది.

ఇక ఉద్దానం. సోంపేట, కవిటి, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం ప్రాంతాల్లో పరుచుకున్న కొబ్బరి, జీడి తోటల నేల ఇది. తోటల్లో కూలికెళ్లేవాళ్లు, సముద్రం మీద బతికే మత్స్యకారులు, పలాస-కాశీబుగ్గ జీడి బట్టీల దగ్గర పిక్కలు కొడుతూ జీడినూనెకు చేతులు కాల్చుకునే ఆడవాళ్లు, వీళ్ల ఒళ్లల్లోకి కిడ్నీ జబ్బు దిగింది. షుగరు లేదు, బీపీ లేదు, అయినా మూత్రపిండాలు నెమ్మదిగా ఎండిపోతాయి. నొప్పి ఉండదు. తెలిసేసరికి చేయి దాటిపోతుంది. దగ్గర్లో డయాలసిస్ లేని రోజుల్లో విశాఖ కె.జి.హెచ్.కి సుమారు రెండు వందల కిలోమీటర్లు పోవలసి వచ్చేది. వారానికి రెండు మూడుసార్లు పోయే కూలిమనిషికి ఏం మిగుల్తుంది? తోట అమ్ముకున్నవాడు కొన్నాళ్లు బతికాడు, అమ్ముకోవటానికి తోట లేనివాడు ముందే పోయాడు.

ఈ జబ్బును మొదట గుర్తుపట్టినవాళ్లెవరు? ఒకే వీధిలో వరుసగా చావులు చూసిన జనం, వాళ్ల నాడి పట్టుకున్న స్థానిక డాక్టర్లు. నీళ్లలోనే ఏదో ఉందని జనం అనుమానించారు. సైన్సులో ఇట్లాంటి మాటకు పేజీ నంబరుండదు. పేజీ నంబరు లేనిదాన్ని ఇండెక్సు ఎక్కించుకోదు. ఉద్దానం తర్వాత పేపర్లలోకి ఎక్కింది. హైదరాబాద్ ఎన్.జి.ఆర్.ఐ.కి చెందిన పరిశోధకులు 2013లో తాగునీటి కోణం నుంచి రాశారు. 2016లో 'అమెరికన్ జర్నల్ ఆఫ్ కిడ్నీ డిసీజెస్'లో అనిర్బన్ గంగూలీ ఉద్దానం నెఫ్రోపతీ మీద రాస్తూ, ఇంకా పరిశోధన జరగాలన్న విన్నపాన్ని శీర్షికలోనే పెట్టాడు. 2019లో తాటపూడి రవిరాజు బృందం రెండువేల మందికి పైగా జనాన్ని పరీక్షించి, వందలో పద్దెనిమిది మందికి జబ్బున్నట్టు 'కిడ్నీ ఇంటర్నేషనల్ రిపోర్ట్స్'లో ప్రకటించింది. 2020లో అదే పత్రికలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకుల అధ్యయనం వచ్చింది. 67 గ్రామాల నుంచి రెండువేల నాలుగు వందల మందికి పైగా పెద్దవాళ్లను చూస్తే దాదాపు ఐదుగురిలో ఒకరికి జబ్బు ఉన్నట్టు తేలింది. ఎండలో శ్రమ, నీరు, పురుగుమందులు, సిలికా అంటూ అనుమానాలు చాలా ఉన్నాయి. కారణం ఇదీ అని మాత్రం తేలలేదు. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలో వరి రైతులకు, నికరాగువా, ఎల్ సాల్వడార్‌లలో చెరకు నరికే కూలీలకు వచ్చే కిడ్నీ జబ్బు మీద రాసేవాళ్లందరూ ఇప్పుడు ఉద్దానాన్ని పేర్కొనక తప్పదు.

ఈ పేపర్లు చెడ్డవని నేననటం లేదు. అవి లేకపోతే ప్రభుత్వం కదిలేది కాదు. కిడ్నీ ఇంటర్నేషనల్ రిపోర్ట్స్ డబ్బు కట్టకుండా ఎవరైనా చదువుకోగల పత్రిక. అయితే ఇంగ్లీషు తెలిసుండాలి. అడగాల్సింది ఇంకొకటుంది. దీర్ఘకాలిక జబ్బు అనాలంటే లోపం మూడు నెలలపాటు నిలిచి ఉండాలని వైద్యశాస్త్ర నియమం. అంటే లోపం కనబడ్డ మనిషి మళ్లీ చెయ్యి చాపి రెండోసారి నెత్తురివ్వాలి. ఆ నెత్తురు పట్టికలో ఒక అంకె అవుతుంది, పట్టిక పేపరు అవుతుంది, పేపరుకు సైటేషన్లొస్తాయి, సైటేషన్లు ఒకరి హెచ్-ఇండెక్సులో చేరతాయి. నెత్తురిచ్చిన మనిషి ఈ గొలుసులో మొదటి లంకె, ఆమె దగ్గరికి మాత్రం ఏదీ తిరిగి రాదు. రోగి పేరు దాచటం న్యాయమే, దాచాలి కూడా. కానీ మనిషి పేరు దాచి ఊరిపేరును జబ్బుకు పెట్టారు. ఉద్దానం పిల్లలకు పెళ్లి సంబంధాలు కుదరటం కష్టమవుతోందని పత్రికలు రాశాయి. అంటే పేరువల్ల వచ్చే లాభం ఒకరికి, నష్టం ఇంకొకరికి.

సుబ్బారావు ఇక్కడ మళ్లీ ఎదురవుతాడు. కిడ్నీ పాడైన మనిషి రక్తంలో ఫాస్ఫరస్ పెరుగుతుంది, దాన్ని కొలుస్తూ ఉండాలి. ఆ కొలతల వంశంలో పెద్దతాత 1925నాటి ఆ పద్ధతే. ఇవాళ ఆ పరీక్ష చీటీ మీద ఆయన పేరుండదు. అందరిదీ అయిపోయిన జ్ఞానాన్ని ఎవరూ పేర్కొనరు. ఈ సంగతి గార్ఫీల్డ్, మెర్టన్ ఇద్దరూ రాశారు. లెక్కలో అత్యంత ముఖ్యమైన పనే లెక్కలోంచి జారిపోతుంది.

కాగితానికున్న విలువ మనిషి మాటకు లేకపోవటం ఈ తీరానికి కొత్త కాదు. సోంపేట దగ్గరి బీల ఊళ్లకు చేపలిచ్చింది, పంటలకు తడినిచ్చింది. థర్మల్ కంపెనీ కాగితాల్లో అది పనికిరాని భూమి. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో మనుషులు చచ్చిపోయారు. ఢిల్లీలోని అప్పీలు అథారిటీ పర్యావరణ అనుమతిని రద్దు చేసిందీ ఆ రోజే. 2011 ఫిబ్రవరి 28న టెక్కలి పక్కన కాకరాపల్లిలో మళ్లీ కాల్పులు. చెప్పిన మాట నిజమని రుజువు కావటానికి శవాలు లేవాల్సి వచ్చింది.

క్యాంపసుకొద్దాం. యు.జి.సి. 2010లో అధ్యాపకుల నియామకాలకూ ప్రమోషన్లకూ ఎ.పి.ఐ. మార్కులు తెచ్చింది. జిల్లా డిగ్రీ కాలేజీలో వారమంతా పాఠాలు చెప్పే మాస్టారు, లేబరేటరీ, లైబ్రరీ అన్నీ ఉన్న కేంద్ర విశ్వవిద్యాలయం ఆచార్యుడు ఇద్దరూ పేపర్ల లెక్క చూపాలి. గిరాకీ పుట్టాక దుకాణం వెలుస్తుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసిన వ్యక్తి హైదరాబాద్‌లో నడిపిన ఒమిక్స్ సంస్థ వందలాది జర్నళ్లు పెట్టింది. పేపర్లను నిపుణులు పరిశీలిస్తారనీ, తన జర్నళ్లకు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఉందనీ అది మోసపూరితంగా చెప్పుకుందని తేల్చి, అమెరికా కోర్టు 2019లో ఐదు కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. నకిలీలను అరికట్టటానికి యు.జి.సి. 2018లో కేర్ జాబితా తెచ్చి, 2025లో దాన్నీ ఎత్తేసింది. ఈ మధ్యలో మొదటి తరం దళిత పరిశోధకుడు ఏ పత్రికకు రాయాలి? తెలుగులో తన వాడ గురించి రాస్తే సైటేషన్ రాదు. ఇంగ్లీషులో రాస్తే వాడ చదవదు. పత్రికల ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌తో మనిషిని తూచొద్దని శాస్త్రవేత్తలే 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రకటించారు. స్థానిక ప్రాధాన్యమున్న పరిశోధనను కాపాడాలనీ, ఇంగ్లీషు ఒక్కదాన్నే కొలబద్ద చెయ్యొద్దనీ 2015నాటి లైడెన్ మ్యానిఫెస్టో చెప్పింది. మన సెలెక్షన్ కమిటీల్లో ఆ కాగితాలు ఎందరు చదివారో!

2023 డిసెంబర్ 14న పలాసలో రెండు వందల పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం రిజర్వాయరు నీళ్లను ఉద్దానానికి తెచ్చే పథకం కూడా అదే రోజు మొదలైంది. పరిశోధన మొదటిసారి జబ్బున్న చోటికే వచ్చింది. ఇప్పుడు ఉద్దానం సంఘాలు, విద్యార్థులు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఇక్కడి నెత్తురుతో రాసే ప్రతి పేపరు ఫలితాన్నీ ముందు ఆ ఊళ్లోనే తెలుగులో చదివి వినిపించాలి, కాపీ పంచాయతీ ఆఫీసులో ఉంచాలి. జబ్బు ఏ కులంలో, ఏ పనిచేసే వాళ్లలో ఎంతుందో పట్టికలో వేరుగా చూపాలి. ఇల్లిల్లూ తిరిగి శాంపిళ్లు పట్టుకొచ్చే ఆశా కార్యకర్త పేరు, ఆమె సరేనంటే, రచయితల వరుసలో ఉండాలి.