బాస్మతి వివాదము

1997 సెప్టెంబరు 2వ తేదీన అమెరికా పేటెంటు కార్యాలయము టెక్సాస్ రాష్ట్రమందలి రైస్‌టెక్ కంపెనీకి బాస్మతి వరిపై హక్కు నొసగెను. నేటి భారత పాకిస్థానములలో, హిమాలయముల దిగువ సీమల రైతులు తరతరములుగ ఏరి నిలుపుకొన్న విత్తనమది. వారిస్ షా 1766లో రచించిన పంజాబీ కావ్యము ‘హీర్’నందే దాని పేరు గలదు. అట్టి ధాన్యము క్రొత్త సృష్టి యెట్లైనది?

కంపెనీవారు బాస్మతిని అమెరికా పొట్టి వంగడములతో సంకరపరచిరి. అది వారి కృషియే, కాదనరాదు. కాని వారు పొందిన 20 హక్కులలో కొన్ని గింజ పొడవు, సువాసన వంటి గుణములనే పట్టుకొని, మన రైతుల ధాన్యమును సైతము చుట్టివేయునంత విశాలములు. అవి నిలిచినచో ఆ దేశమునకు మన బియ్యము పంపుటయే చిక్కులపాలగును.

2000లో భారత ప్రభుత్వము శాస్త్రజ్ఞుల సాక్ష్యములతో 3 హక్కులను ప్రతిఘటింపగా కంపెనీ 4 హక్కులను విడిచెను. 2001 నాటికి తాను రూపొందించిన 3 వంగడములపై మాత్రమే దానికి హక్కు మిగిలెను. అయినను అమెరికాలో పండిన బియ్యమునకు బాస్మతి యను పేరు పెట్టుట ఆగలేదు. ఆపుమని గట్టిగా అడుగుటకు 1997లో మనకే పేరును కాపాడు ప్రత్యేక చట్టము లేదు! భౌగోళిక గుర్తింపుల చట్టము 1999లోను, రైతుల విత్తనహక్కుల చట్టము 2001లోను, జీవవైవిధ్య చట్టము 2002లోను వచ్చినవి. బాస్మతి పేరు మాత్రము 2016 ఫిబ్రవరిలో గాని నమోదు కాలేదు.