ఇసుకలో ఓనమాలు, టొరంటోలో మద్రాసు బడి

ఈ ఎపిసోడ్ విన్నవాళ్ళు కొందరు, "అన్నా, ఆ పేర్లూ సంవత్సరాలూ రాసిపెట్టు, డ్యూటీలో సగం సగం విన్నాం" అన్నారు. అందుకే మాట్లాడినదాన్నే కొంచెం సర్ది, మైకు ముందు మరిచిపోయినవి కలిపి రాస్తున్నా.

దీనికంతా మూలం కువైట్ నుంచి జగిత్యాల తమ్ముడొకడు పంపిన వాయిస్ మెసేజ్. లైసెన్స్ పరీక్ష ఒకటి రాయాలట. "చదువు నా తలకెక్కదన్నా, చేత్తో చేస్తెనే వస్తది నాకు" అన్నాడు. అది విన్నాక నాకు చాలాసేపు పని మీద మనసు నిలవలేదు. ఎందుకంటే ఆ మాట నాదే. పాతికేళ్ళు దాన్ని మోసుకుని తిరిగినవాణ్ణి నేను.

మాది రాయదుర్గం దగ్గర పల్లె. పదో తరగతిలో లెక్కల సారు మా నాయనను పిలిపించి, "వీడికి పుస్తకం రాదు, చెయ్యి మంచిది, ఏదన్నా పని నేర్పించండి" అన్నాడు. ఐటీఐలో కార్పెంటర్ ట్రేడు, తర్వాత దుబాయ్‌లో, దోహాలో సెంట్రింగ్ పని, ఆ తర్వాత కెనడా. ఇప్పుడు రిచ్‌మండ్ హిల్‌లో, యంగ్ స్ట్రీట్ పక్కన లేచే బిల్డింగుల్లో సూపర్‌వైజర్ని. కానీ ఇక్కడ పని వచ్చినంత మాత్రాన సరిపోదు, చేతిలో కాగితం ఉండాలి. కార్పెంటర్‌కి ఆ కాగితం రెడ్ సీల్. వందకు పైగా ప్రశ్నలు, నాలుగు గంటలు, 70 శాతం వస్తే పాస్.

పరీక్షకు ముందు ఒక ట్రైనింగ్ క్లాసుకు పోయాను. మొదటి రోజే ఒక క్విజ్ ఇచ్చారు. కొత్త సామాను కొంటే ముందు పుస్తకం చదువుతావా, ఎవరన్నా చెప్తే వింటావా, నేరుగా చేత్తో తిప్పి చూస్తావా, ఇట్లాంటివి. చివర్లో నువ్వు కైనెస్థటిక్ లెర్నర్‌వి అన్నారు. అంటే చేత్తో, ఒంటితో నేర్చుకునే రకం అని. నాకు ఎంత సంతోషమైందో! పదో తరగతి సారు చెప్పిన మాటనే ఈసారి మర్యాదగా, ఇంగ్లీషులో చెప్పారు. ఇంక పుస్తకం తెరవలేదు. గరాజులో మెట్లకు, పైకప్పు దూలాలకు చిన్న చిన్న మోడళ్ళు చేసుకున్నాను, వీడియోలు చూశాను. పరీక్షలో 63 వచ్చింది.

ఆ బాధలో ఉన్నప్పుడే ఒక స్నేహితుడి పాపకు అక్షరాభ్యాసమని బేవ్యూ అవెన్యూ మీది గణేశుడి గుడికి పిలిచారు. పళ్ళెంలో బియ్యం పోసి, పంతులు పాప వేలు పట్టుకుని రాయించాడు. పాప నోటితో అంటూ, చెవితో వింటూ, కంటితో చూస్తూ, వేలితో దిద్దుతోంది. ఇది ఏ రకం లెర్నరు అనిపించింది. అప్పుడే మా జేజినాయన గుర్తొచ్చాడు. ఆయన వీధి బడిలో ఇసుక మీద దిద్దినవాడు. "ముందు వేలికి వచ్చేది, తర్వాత నోటికి" అనేవాడు. ఇంటికొచ్చి ఆ వీధి బళ్ళ సంగతి వెతకడం మొదలుపెట్టాను. రెండు వారాల్లో ఆ దారి నన్ను మా ఊరి నుంచి మద్రాసుకు, మద్రాసు నుంచి లండన్‌కు, అక్కడి నుంచి మళ్ళీ టొరంటోకే తెచ్చింది.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, మన రాయలసీమలో కలెక్టరుగా చేసిన మన్రోనే, జిల్లాల్లో ఎన్ని బళ్ళున్నాయో, ఏం నేర్పుతున్నారో రాసి పంపమని కలెక్టర్లందరినీ అడిగాడు. బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో జవాబిచ్చాడు. 1816లో తెలుగు వ్యాకరణం అచ్చువేసిన దొర ఈయన. అప్పటి బళ్ళారి జిల్లా అంటే ఇప్పటి అనంతపురం కూడా అందులోనిదే. మా రాయదుర్గం అయితే 1953 దాకా బళ్ళారిలోనే ఉంది. అంటే ఆయన రాసింది మా ఊరి చుట్టుపక్కల బళ్ళ గురించే.

ఆయన లెక్కలో 533 బళ్ళు, 6,641 మంది పిల్లలు. తెలుగు బళ్ళూ కన్నడ బళ్ళూ ఇంచుమించు సమానం. ఆడపిల్లలు 60 మంది. అవును, అరవై. ఆ కాలాన్ని పొగిడేటప్పుడు ఈ అంకె పక్కన పెట్టుకోవాలి. ఇంగ్లండు నుంచి మిల్లు బట్ట వచ్చి నేతగాళ్ళ పొట్ట కొట్టాక, పిల్లల్ని బడికి పంపే స్తోమత జనానికి తగ్గిందని కూడా ఆ కంపెనీ ఉద్యోగే రాశాడు.

నాకు కావలసింది నేర్పే పద్ధతి. పొద్దున ఆరుకే బడి. అందరికంటే ముందొచ్చిన పిల్లాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడికి సున్న. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆలస్యమయ్యే కొద్దీ దెబ్బలు పెరుగుతాయి. మా సైటులో ఇది పెడితే అందరూ ఐదింటికే వచ్చేస్తారు గానీ, ఇక్కడి లేబర్ చట్టం ఊరుకోదు. అక్షరాలు ముందు నోటితో చెప్పించరు. ఇసుకలో వేలితో రాయిస్తారు. చెయ్యి తిరిగాకే తాటాకు మీద గంటం, లేదా కాగితం మీద కలం, లేదా పలక, కడితం. ఎక్కాలు, తూకాలు, కొలతలు గొంతెత్తి అప్పజెప్పడం. పిల్లల్ని వచ్చిన చదువును బట్టి సాధారణంగా నాలుగు తరగతులు చేసి, కింది తరగతులకు పెద్ద పిల్లలు నేర్పడం, అయ్యవారు మొత్తం మీద కన్నేసి ఉండడం. క్యాంప్‌బెల్‌కి బాగా నచ్చింది ఈ చివరిదే. చెప్పే పిల్లాడికి తనకు వచ్చింది గట్టిపడుతుంది, దీన్ని ఇంగ్లండులో అనుకరించడం న్యాయమే అని రాశాడు.

ఇంగ్లండు దీన్ని ఎట్లా అనుకరించింది? దాని కథ అంతకు ముప్పై ఏళ్ళు ముందుది. 1789లో మద్రాసు ఎగ్మూరులో, సైనికుల అనాథ మగపిల్లలకు పెట్టిన బడికి ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు పాదిరీ పెద్దగా వచ్చాడు. తన కింది పంతుళ్ళు ఏం చెప్పినా వినేవాళ్ళు కాదు. ఒకరోజు గుర్రం మీద పోతూ, ఒక నాటు బడిలో పిల్లలు ఇసుకలో రాస్తుండగా చూశాడు. ఇదేదో బాగుందని తన బడిలో పెట్టమంటే పంతులు కుదరదన్నాడు. సరేనని జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ళ సిపాయి కొడుకుకు చిన్న తరగతిని అప్పజెప్పాడు. ఆ పిల్లాడు నేర్పేశాడు. 1797లో బెల్ లండన్‌లో దీని మీద పుస్తకం వేశాడు. జోసెఫ్ లాంకాస్టర్ ఇట్లాంటి పద్ధతినే వేరుగా నడిపాడు. చూస్తుండగానే అది మద్రాస్ సిస్టమ్ అనే పేరుతో ఇంగ్లండంతా పాకింది. స్కాట్లండు సెయింట్ ఆండ్రూస్‌లో బెల్ డబ్బుతో కట్టిన మద్రాస్ కాలేజ్ ఇప్పటికీ నడుస్తోంది.

నేను కుర్చీలోంచి లేచింది ఆ తర్వాతి సంగతి చదివి. 1819లో కెనడా తూర్పున న్యూ బ్రన్స్‌విక్‌లో మద్రాస్ స్కూళ్ళ కోసం ఒక బోర్డు ఏర్పడింది. 1820లో యార్క్ అనే ఊళ్ళో గవర్నరు మెయిట్‌లాండ్ పూనికతో బెల్ పద్ధతి మీద సెంట్రల్ స్కూల్ పెట్టారు. జోసెఫ్ స్ప్రాగ్ అనే పంతుల్ని ఇంగ్లండు నుంచి రప్పించారు. ఆ యార్క్ పేరే 1834లో టొరంటో అయింది. నేను రోజూ పనికి పోయే ఈ యంగ్ స్ట్రీట్ ఆ ఊరికే పోతుంది. మనకంటే ముందే మన వీధి బడి ఈ ఊరికి వలస వచ్చింది, అదీ పేరు మార్చుకుని.

కానీ వచ్చింది సగమే. దొరలకు అందులో నచ్చింది చవక. ఒక్క పంతులుతో వందలమందిని నెట్టుకురావచ్చు. పిల్లాడు పిల్లాడికి అర్థమయ్యేలా చెప్పడం పోయి, కవాతులా మిగిలింది. మన దగ్గరా లోపం లేకపోలేదు. పిల్లలు పద్యాలు వందలు అప్పజెప్తారు, అర్థం మాత్రం మాట నేర్చిన చిలక్కి తెలిసినంతే అని క్యాంప్‌బెల్ అదే నివేదికలో రాశాడు. పుస్తకంలోని భాష వేరు, ఇంట్లో భాష వేరు కావడం ఒక కారణమన్నాడు.

ఆ వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. నా 63 మార్కుల కాగితం తీసి చూశాను. ఏ భాగంలో ఎంత వచ్చిందో అందులో ఉంటుంది. పోయినవన్నీ నా చేతికి బాగా వచ్చిన పనుల్లోనే పోయాయి! జాయిస్టును గోడకు పట్టించడం నాకు కళ్ళు మూసుకున్నా వచ్చు. కానీ ప్రశ్నలో లెడ్జర్, సిల్, హెడర్ అని వస్తే దేనికి ఏ పేరో తడబడ్డాను. దుబాయ్‌లో అంతా మిల్లీమీటర్లు, ఇక్కడ అడుగులు, ఇంచులు, ఇంచిలో పదహారో వంతులు. చిలక్కి పద్యం వచ్చు, అర్థం రాదు. నాకు అర్థం వచ్చు, పద్యం రాదు. నా తల ఏ రకమో అన్నది అసలు ప్రశ్నే కాదు. ఓ రెండు వందల మాటలు, కొన్ని లెక్కలు రాలేదు, అంతే. కైనెస్థటిక్ అనే ముద్ర ఆ చిన్న లోటును నాకు కనపడకుండా కప్పేసింది.

ఇప్పుడు ఆ క్విజ్‌ల సంగతి. 1983లో అమెరికాలో హోవార్డ్ గార్డ్‌నర్ అనే ఆయన తెలివి ఒక్కటి కాదు, మాటల తెలివి, లెక్కల తెలివి, సంగీతం, స్థలం, ఒళ్ళు, ఎదుటివాళ్ళను గ్రహించడం, తన్ను తాను గ్రహించడం, ఇట్లా ఏడు అని పుస్తకం రాశాడు. తర్వాత ప్రకృతిని కలిపి ఎనిమిది చేశాడు. పరీక్ష మార్కు ఒక్కటే మనిషి కాదు అన్నందుకు నాకు ఆయనంటే గౌరవమే. చూసి నేర్చేవాళ్ళు, విని నేర్చేవాళ్ళు, చేసి నేర్చేవాళ్ళు అనే మాట మాత్రం వేరు. 2013లో గార్డ్‌నరే, నా సిద్ధాంతం అది కాదు, రెండింటినీ కలపొద్దు అని పేపర్లో రాసుకోవలసి వచ్చింది.

2008లో పాష్లర్ అనే ఆయనా మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలూ ఉన్న పరిశోధనలన్నీ తిరగేశారు. వాళ్ళ ప్రశ్న సూటిగా ఉంది. చూసే రకంలో సగంమందికి బొమ్మలతో, సగంమందికి మాటలతో చెప్పు. వినే రకానికీ అట్లాగే చెప్పు. తర్వాత అందరికీ ఒకే పరీక్ష పెట్టు. రకానికి తగ్గట్టు చెప్పించుకున్నవాళ్ళకు ఎక్కువ వస్తే నమ్ముతాం. ఇట్లా సరిగ్గా చేసిన పరీక్షలే తక్కువ, చేసినవాటిలో కూడా నమ్మడానికి తగ్గ ఆధారం లేదు అని తేల్చారు. ఇష్టాలు ఉంటాయి, అది నిజం. నాకు వీడియో ఇష్టం. ఇష్టమైనది చూస్తే ఎక్కువ గుర్తుంటుందా అంటే, ఆ హామీ లేదు.

నా అభిప్రాయం ఒకటి చెప్తా, కోపం తెచ్చుకోవద్దు. ఇది మనకు కొత్తేం కాదు. బుర్ర పని ఒకరిది, చేతి పని ఒకరిది అని మన ఊళ్ళల్లో ఎప్పుడో పంచి పెట్టేశారు. పదో తరగతి సారు దాన్నే చెప్పాడు, క్విజ్ దానికి స్టిక్కరు అంటించింది.

చదివే పద్ధతి మనిషిని బట్టి కాదు, నేర్చుకునే పనిని బట్టి మారాలి. 2009 డిసెంబరు 24న టొరంటో కిప్లింగ్ అవెన్యూలో బాల్కనీలు రిపేరు చేస్తుండగా పదమూడో అంతస్తు దగ్గర వేలాడే ప్లాట్‌ఫాం విరిగి నలుగురు చనిపోయారు. పాత సోవియట్ దేశాల నుంచి మనలాగే వలస వచ్చినవాళ్ళు. ఆ తర్వాతే నిపుణుల కమిటీ వేశారు, 2015 నుంచి ఒంటారియోలో ఎత్తు మీద పని చేసేవాళ్ళకు ట్రైనింగ్ తప్పనిసరి చేశారు. అందులో క్లాసు పాఠమూ ఉంది, హార్నెస్ కట్టుకుని చేసి చూపించడమూ ఉంది. నేను వినే రకం, హార్నెస్ తొడగను అంటే కుదరదు. నేను చేసే రకం, పడితే ఎన్ని అడుగుల ఖాళీ కావాలో లెక్క నేర్చుకోను అన్నా కుదరదు.

రెండోసారి నేను పట్టుకున్నది మా జేజినాయన దారి. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు చేసిన ప్రయోగం నాకు ధైర్యమిచ్చింది. ఒక పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళకు ఐదు నిమిషాల తర్వాత బాగా గుర్తుంది. ఒకసారి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది రాసుకున్నవాళ్ళకు వారం తర్వాత బాగా గుర్తుంది. అప్పజెప్పడమంటే అదే గదా! రోజుకు పది మాటలు. పొద్దున బొమ్మ గీసి పేరు రాయడం, మధ్యాహ్నం లంచ్‌లో చూడకుండా చెప్పడం, మూడు రోజుల తర్వాత మళ్ళీ, వారం తర్వాత మళ్ళీ. అర్థానికి తెలుగు, పేరుకు ఇంగ్లీషు. మెట్ల లెక్కలు మాత్రం ప్లైవుడ్ ముక్క మీద పెన్సిల్‌తోనే చేశాను. చెయ్యి మంచిదన్నారు కదా, దాన్నెందుకు వదలాలి.

అన్నిటికంటే పనికొచ్చింది మా సైటులోని కుర్రోడు. మదనపల్లె నుంచి వచ్చాడు, అప్రెంటిస్. సాయంత్రం ట్రక్కులో కూర్చుని వాడికి నేను పాఠం చెప్పేవాణ్ణి. "అన్నా, హెడర్ ఎందుకు పెట్టాలి, లేకపోతే ఏమైతుంది?" అంటాడు. నాకు తెలుసనుకున్నది అక్కడ బయటపడేది. ఇంటికొచ్చి చదివి, మర్నాడు చెప్పేవాణ్ణి. ఎనిమిది నెలలు ఇట్లా నడిచింది. 78 వచ్చింది.

ఇప్పుడు వాడి వంతు. వచ్చే నెల పరీక్ష. పోయిన శుక్రవారం కాఫీ తాగుతూ, "నేను విజువల్ అంటన్నా, ఫోన్‌లో ఒక యాప్ చెప్పింది, బొమ్మలు చూస్తే చాలంట" అన్నాడు. కప్పు పక్కన పెట్టించి, చేతికి పెన్సిలిచ్చి, తొమ్మిదడుగుల ఎత్తుకు ఎన్ని మెట్లో, ఒక్కో మెట్టు ఎన్ని ఇంచులో ప్లైవుడ్ మీద వెయ్యమన్నాను. పదహారో వంతు దగ్గర తప్పాడు. చెరిపి మళ్ళీ వేస్తున్నాడు.