లెక్కకెక్కని మృతులు

1941 డిసెంబరు 23వ తేదీన జపాను విమానములు మొట్టమొదటిసారి రంగూను నగరముమీద బాంబులు కురిపించినవి. ఆ రేవులో ఓడలకు సరకు నెక్కించి దింపువారిలో పెక్కురు తెలుగువారు. కోరంగి రేవునుండి వచ్చినవారని బర్మీయులు వారిని కోరంగీలని పిలిచెడివారు. విమానములను వింతగా చూచుటకు జనులు వీథులలోనికి వచ్చిరి. ఇంచుమించు 2,000 మంది మడిసిరి. వారిలో ఆయుధము పట్టినవారు అరుదు.

తరువాతి నెలలలో భారతీయులు నాలుగైదు లక్షలమంది స్వదేశమునకు బయలుదేరిరి. పెక్కురు కాలినడకను కొండలు, అడవులు దాటిరి. తెల్లవారికి ఒక దారి, నల్లవారికి మరియొక దారి యేర్పడుటను గాంధిమహాత్ముడు 1942లో హరిజన పత్రికలో తీవ్రముగా ఖండించెను. సామ్రాజ్యము ఒక్కటే, ప్రాణముల వెల మాత్రము చర్మమునుబట్టి మారినది. దారిలో మరణించినవారెందరు? 10,000 అని కొందరు, 50,000కు మించునని కొందరు. ఇంత వ్యత్యాసముగల లెక్కను లెక్క యనవచ్చునా? మా గోదావరిఖనిలో గనిలోనికి దిగు ప్రతివాని పేరును మస్టరులో నెక్కును. షిఫ్టు ముగిసిన పిదప ఒక్కడు పైకి రాకున్నను వెదకుదురు. మనుష్యులను లెక్కించుట అసాధ్యమేమియు కాదు.

ఇది తెల్లదొరల దోషము మాత్రమే యనుకొనరాదు. ఆసియా ఆసియావారిదే యని చాటిన జపానువారు 1942, 43 సంవత్సరములలో సయాం–బర్మాల నడుమ 415 కిలోమీటర్ల రైలుమార్గము వేయించిరి. మలయా తోటలలోని తమిళులను, తెలుగువారిని, జావావారిని, బర్మీయులను ఆ పనికి తోలుకొనిపోయిరి. 60,000కు పైబడిన యుద్ధఖైదీలలో 12,000 మందికి పైగా మరణించిరి. కాంచనబురిలో దాదాపు 7,000 మంది ఖైదీల సమాధులు వరుసలు తీరి యున్నవి. చాలవానిపై పేరు, వయస్సు, పటాలము చెక్కబడినవి. అవి యుండవలసినవే, అందులకు ఈర్ష్యపడ నక్కరలేదు. కాని కూలీలలో చనిపోయినవారు 80,000 మొదలు 1,00,000 వరకు నుందురని అంచనా. వారికట్టి సమాధులు లేవు. సైనికుని పేరు పటాలపు జాబితాలో నుండును; తోటకూలీ పేరు నెవరు వ్రాసికొనిరి?

భారతయుద్ధము ముగిసిన పిదప ధర్మరాజు బంధువులున్నవారికే కాక, నానాదేశములనుండి వచ్చి కూలిన అనాథులకు గూడ విదురాదులచేత దహనసంస్కారము చేయించినట్లు స్త్రీపర్వమున కలదు. ఏ పక్షమువాడని అడుగలేదు.

ఈ కొలబద్దను మనకు మనము పెట్టుకొన్నచో మనమును తేలికగా నెగ్గము. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణముమీదను, కాకినాడమీదను జపాను బాంబులు పడిన సంగతి తెలుగునాట నేటికిని చెప్పుకొందురు. అందులకు మూడు దినములు ముందు, ఏప్రిల్ 3న, మాండలే నగరముమీద బాంబులు పడినవి. సగమునకు పైగా ఇండ్లు కాలిపోయినవి. బర్మీయులును, అచ్చట చిక్కుకొన్న మనవారును కలిసి సుమారు 2,000 మంది చనిపోయిరి. మా విద్యార్థులకు మాండలే యనగా తిలకు మహాశయుడు ఆరేండ్లు గడిపిన చెరసాల మాత్రమే.