తక్కువ ధర రోడ్డు సైకిలు: తిరువళ్లూరు, తిరుత్తణి దారుల్లో వాడుకదారుల అనుభవం

తిరువళ్లూరు నుంచి తిరుత్తణి సుమారు 40 కిలోమీటర్లు. అక్కడి నుంచి సరిహద్దు దాటి నగరి చేరడానికి మరో 15 కిలోమీటర్లు. ఈ దారికి ఇరువైపులా ఉన్న పల్లెల్లో సైకిలు చిరపరిచితమైన వాహనం. బడికి, మగ్గానికి, పాల కేంద్రానికి, రైల్వే స్టేషనుకు తీసుకుపోయేది అదే. అయితే వంగిన హ్యాండిలు, సన్నని టైర్లు, గేర్లు గల రోడ్డు సైకిలు వేరు. యువకులు దానిని కోరుతున్నారు, పెద్దలు ధర విని వెనుకాడుతున్నారు. గేర్లున్న ప్రారంభ శ్రేణి రోడ్డు సైకిలుకు పదిహేను వేల రూపాయలకు తగ్గకుండా పెట్టవలసి వస్తుంది. పల్లె కుటుంబానికి అది చిన్న మొత్తం కాదు. కొన్న మూడు నెలలకే సైకిలు వసారాలో గోడకు ఆనుకొని నిలిచిపోతే ఆ నష్టం ఇంటిల్లిపాదిదీ అవుతుంది. ఇలాంటి సైకిలు వాడేవారికి సాధారణంగా ఎదురయ్యే అనుభవాలను, కొనేముందు చూడవలసిన అంశాలను ఇక్కడ క్రోడీకరిస్తున్నాం.

మన ప్రాంతమూ సైకిలూ

భారతదేశపు సైకిళ్ల చరిత్రలో ఈ ప్రాంతానికి ముఖ్యమైన స్థానం ఉంది. 1949లో ఏర్పడిన టీఐ సైకిల్స్ సంస్థ అంబత్తూరులో కర్మాగారం నెలకొల్పి 1951లో ఉత్పత్తి ప్రారంభించింది. హెర్క్యులిస్, బీఎస్‌ఏ పేర్లు మన ఇళ్లలో స్థిరపడింది దాని వల్లనే. అంబత్తూరు 2018 వరకు తిరువళ్లూరు జిల్లాలో ఉండి, ఆ తరువాత చెన్నై జిల్లాలో చేరింది. అదే సంస్థ 2011లో మోంట్రా పేరుతో తేలికపాటి సైకిళ్లను విడుదల చేసింది. దరిమిలా డెకత్లాన్ వంటి సంస్థలు కూడా ఈ తరహా సైకిళ్లను సామాన్యులకు చేరువ చేశాయి.

పాత సైకిలుకూ దీనికీ భేదం

మన పాత నల్ల సైకిలు బరువు సుమారు 20 కిలోలు. ప్రారంభ శ్రేణి రోడ్డు సైకిలు 11, 12 కిలోల మధ్య తూగుతుంది. మొదటిది బరువు మోయడానికి పుట్టింది, రెండవది దూరం తగ్గించడానికి. పొదటూరుపేట, పళ్లిపట్టు వైపు నేతపనివారు నూలు కట్టలు వేసుకొని వెళ్లాలన్నా, రైతు గడ్డిమోపు తేవాలన్నా పాత సైకిలే తగినది. రోడ్డు సైకిళ్లలో చాలావాటికి క్యారియరు ఉండదు, కొన్నింటికి దానిని బిగించే రంధ్రాలు కూడా ఉండవు. మడ్‌గార్డులు, స్టాండు, బెల్లు, దీపం విడిగా కొనవలసి రావచ్చు. ఆ ఖర్చును కూడా ధరలో కలిపి లెక్కించాలి.

ఉచిత సైకిలు ఉన్న ఇంట

తమిళనాడు ప్రభుత్వం 2001-02లో ఎస్సీ, ఎస్టీ బాలికలతో ప్రారంభించిన ఉచిత సైకిళ్ల పథకం 2005-06 నాటికి ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలల్లో 11వ తరగతి చదివే అన్ని వర్గాల విద్యార్థులకు విస్తరించింది. సరిహద్దు దాటి నగరి, పుత్తూరు వైపు తెలుగు మాధ్యమంలో చదువుకొనే మన పిల్లలకు ఈ పథకం వర్తించదు. ఇంట్లో ఉచిత సైకిలు ఉండి, రోజువారీ దూరం ఒక వైపుకు ఏడెనిమిది కిలోమీటర్ల లోపైతే కొత్తది కొనవలసిన అవసరం సాధారణంగా ఉండదు. కొత్త టైర్లు, బ్రేకు కట్టలు వేయించి, చక్రాల వంకర తీయించి, సీటు ఎత్తు సరిచేయిస్తే అదే సైకిలు ఎంతో తేలికగా నడుస్తుంది. ఒక వైపుకు పది, పదిహేను కిలోమీటర్లకు మించి తారురోడ్డుపై నిత్యం ప్రయాణించేవారికి రోడ్డు సైకిలు పెట్టిన డబ్బుకు ఫలితమిస్తుంది. బస్సు ఛార్జీ మిగలడమే కాక, ఆఖరి బస్సు కోసం ఎదురుచూసే బాధ తప్పుతుంది.

తొలి నెల అనుభవం

కొత్త సైకిలు ఎక్కినవారు మొదట చెప్పేది నొప్పుల గురించి. సీటు సన్నగా, గట్టిగా ఉంటుంది. మొదటి వారం కూర్చునే చోట నొప్పి సహజం, క్రమంగా తగ్గుతుంది. మెడ, అరచేతుల నొప్పి మాత్రం తగ్గకపోతే సైకిలు కొలత సరిపోలేదని గ్రహించాలి. సీటుపై కూర్చుని మడమను కిందికి వచ్చిన పెడలుపై ఉంచినప్పుడు కాలు నిటారుగా ఉండాలి. అడ్డబొంగు మీదుగా రెండు పాదాలు నేలపై ఆన్చి నిలబడితే మధ్యలో ఒకటి రెండు అంగుళాల ఖాళీ ఉండాలి. తమ్ముడు పెరుగుతాడని పెద్ద కొలత కొనడం పొరపాటు. హ్యాండిలు అందక బ్రేకు ఆలస్యంగా పడితే ప్రమాదం తప్పదు.

మొదటి నెలలో గేరు తీగ సాగి గేర్లు జారడం, చువ్వలు వదులై చక్రం ఊగడం కూడా మామూలే. అది సైకిలు లోపమని దిగులు పడనక్కరలేదు. నెల తిరిగేసరికి ఒకసారి తీగలు బిగించి, చువ్వలు సరిచూడవలసిందే. దుకాణదారు ఈ తొలి సర్వీసు ఉచితంగా చేస్తాడా అన్నది కొనేముందే అడగాలి.

ముల్లు, గాలి, టైరు

మన పొలాల గట్ల వెంట, చెరువు కట్టలపై సర్కారు తుమ్మ విస్తారంగా ఉంది. తమిళులు దీనిని సీమై కరువేలం అంటారు. దాని ముల్లు సన్నని టైరును సులభంగా చీలుస్తుంది. అందువల్ల 23, 25 మిల్లీమీటర్ల టైర్లు ఉన్న సైకిలు మన పల్లె దారులకు తగదు. 28 నుంచి 32 మిల్లీమీటర్ల టైర్లున్నది ఎంచుకోవడం శ్రేయస్కరం. 28 టైరుకు 70-80 పౌండ్లు, 32 టైరుకు 55-70 పౌండ్లు గాలి సాధారణంగా సరిపోతుంది. టైరు పక్కన ముద్రించిన పరిమితిని మించరాదు. గాలి తగ్గిన టైరు గుంతలో పడితే రిమ్ముకూ నేలకూ మధ్య ట్యూబు నలిగి రెండు చోట్ల చిల్లు పడుతుంది. వారానికొకసారి గాలి చూసుకుంటే సగం పంచర్లు తప్పుతాయి.

పాత సైకిలు వాల్వుకు వాడే గాలి పంపు రోడ్డు సైకిలుకు పనికిరాకపోవచ్చు. మోటారు సైకిలు తరహా వాల్వు ఉన్న ట్యూబులైతే ఏ పంచరు దుకాణంలోనైనా గాలి దొరుకుతుంది. సన్నని వాల్వు ఉన్నవాటికి చిన్న ఇత్తడి అడాప్టరు కొని సీటు సంచిలో ఉంచుకోవాలి.

విడిభాగాల చిక్కు

కొనేవారికి ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. పాత సైకిలు టైరునూ "28 అంగుళాల" టైరు అంటారు, రోడ్డు సైకిలు టైరునూ కొందరు అలాగే పిలుస్తారు. కానీ పాత సైకిలు రిమ్ము వ్యాసం 635 మిల్లీమీటర్లు, రోడ్డు సైకిలుది 622. ఒకదాని టైరు మరొకదానికి పట్టదు. టైరు కొనేటప్పుడు పక్కన ఉన్న 622 అంకెను చూసి కొనాలి. ఒక టైరు, రెండు ట్యూబులు, బ్రేకు కట్టల జత ఇంట్లో ఉంచుకుంటే వాటికోసం పనిమానుకొని చెన్నైకో, తిరుపతికో పరుగెత్తనక్కరలేదు.

వెనుక గేరు యంత్రాన్ని పట్టి ఉంచే చిన్న లోహపు కొక్కెం సులభంగా వంగుతుంది. బస్సుపైనో, ఆటోలోనో వేసేటప్పుడు, నేలపై పడుకోబెట్టేటప్పుడు గొలుసు ఉన్న కుడివైపు పైకి ఉండాలి. వానాకాలంలో గొలుసును గుడ్డతో తుడిచి, కొద్దిగా నూనె వేసి, మిగులు నూనెను మళ్లీ తుడవాలి. నూనె ఎక్కువైతే దుమ్ము పట్టి అరుగుదల పెరుగుతుంది.

రహదారిపై భద్రత

తిరువళ్లూరు, కనకమ్మఛత్రం, తిరుత్తణి మీదుగా సాగే చెన్నై-తిరుపతి రహదారి పూర్వం 205గా, ఇప్పుడు 716గా ప్రసిద్ధం. లారీలు, తిరుపతి బస్సులు రాత్రింబవళ్లు నడిచే దారి అది. రోడ్డు సైకిలు వేగంగా పోతుంది గనుక దానిపై పోటీ పడాలన్న ఉబలాటం యువకులకు కలుగుతుంది. పక్కనుంచి లారీ దాటినప్పుడు వచ్చే గాలితోపుకు తేలికైన సైకిలు తూలుతుందని గుర్తుంచుకోవాలి. వెనుక ఎర్ర దీపం, ముందు తెల్ల దీపం, హెల్మెట్ లేకుండా సంధ్యవేళ దాటాక రహదారి ఎక్కరాదు. ఆడి కృత్తిక రోజుల్లో కావడి భక్తులతో దారులు నిండుతాయి గనుక పల్లె దారుల వెంట వెళ్లడం మేలు.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురిసే వానల్లో తడి రిమ్ముపై బ్రేకు ఆలస్యంగా పట్టుతుంది. దూరం చూసుకొని ముందుగానే మెల్లగా నొక్కాలి. తిరుత్తణి కొండకు 365 మెట్లే కాక వాహనాల దారి కూడా ఉంది. ఎక్కడం ఏడు గేర్ల సైకిలుకు కష్టమే అయినా అసాధ్యం కాదు. దిగేటప్పుడే జాగ్రత్త అవసరం. బ్రేకును ఎడతెగకుండా పట్టి ఉంచక, వదులుతూ పడుతూ దిగాలి.

కొనేటప్పుడు

2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్లపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లులో ఆ మేరకు ఉందో లేదో చూడాలి, బిల్లు లేకుండా కొనరాదు. ఫ్రేము సంఖ్యను రాసి ఉంచుకుంటే స్టేషను వద్ద దొంగతనం జరిగినప్పుడు ఫిర్యాదుకు ఆధారమవుతుంది. పాత సైకిలు కొనేవారు ఫ్రేము అతుకుల వద్ద పగుళ్లను, చక్రాల వంకరను, గొలుసు అరుగుదలను పరిశీలించాలి.

నిత్యం దూరప్రయాణం చేసేవారు, వారానికొకసారి సైకిలుపై చేయి వేసే ఓపిక ఉన్నవారు ఈ సైకిలుతో తృప్తి పొందుతారు. బరువు మోయవలసినవారికి, ఇంట్లో నలుగురూ ఒకే సైకిలు వాడుకొనేవారికి అది తగదు. ధర కంటే ముందు దారిని, దూరాన్ని, తొక్కేవాని ఎత్తును కొలిచి నిర్ణయించుకుంటే కొన్న సైకిలు ఏళ్ల తరబడి ఆ ఇంటికి సేవ చేస్తుంది.